చెప్పని మాటకు వచ్చిన నోటీసు

రహస్య ఉత్తర్వుల విభాగం ముఖ్య అధికారి గారికి,
లండన్.

అర్జీదారు: హెస్టర్ రాత్‌మెల్, క్వేకర్ల ప్రార్థన మందిరం, థార్న్‌బెక్, కంబ్రియా.

సూచిక: తమ నోటీసు నం. 14/ర.

అయ్యా,

విషయం: మా తమ్ముడు జోనస్ రాత్‌మెల్ ఒక మాట చెప్పనందుకు తమరు జారీ చేసిన నోటీసును రద్దు చేయుట గురించి.

మేము క్వేకర్లనే క్రైస్తవ శాఖ వారము. మాలో ఎవరినీ బిరుదులతో పిలవము. రాజునైనా పేరుతోనే పిలుస్తాము. 'అయ్యా' లేని అర్జీ మీ గుమ్మం దాటదని మా చెల్లెలు ప్రూడెన్స్ అన్నందున రాశాను. నా వినతులు ఈ దిగువ ఉన్నవి.

1. మా మందిరం కింది గదిలో ఇంటర్నెట్ కూడలి ఉన్నది. ఈ లోయల్లోని చిన్న చిన్న ఇంటర్నెట్ కంపెనీల తీగలన్నీ అక్కడికి వచ్చి కలుస్తాయి. ఒకరి సమాచారం ఇంకొకరికి అక్కడే చేతులు మారుతుంది. దానికి యజమాని అంటూ లేడు. ఆ కంపెనీల వారే సభ్యులు, వారిదే పెత్తనం. వారు పెట్టుకున్న డైరెక్టరు మా జోనస్. మా టీ బాయిలర్ కూడా ఆ గదిలోనే ఉన్నది.

2. సభ్యుల సమావేశం ఎప్పుడు జరిగినా ముందుగా జోనస్ లేచి, మన తీగల మీద చెవి పెట్టమని ప్రభుత్వం నుంచి ఏ రహస్య ఉత్తర్వూ రాలేదని చెప్పవలెను. ఇది మొదటినుంచీ ఉన్న నియమం. ఆ తరువాతనే టీ. ఈ వసంతంలో జరిగిన సమావేశంలో అతను లేచి, వర్షాలు బాగానే పడ్డాయని చెప్పి కూర్చున్నాడు.

గొర్రెలు మేపుకుంటూ తన లోయకు తానే తీగలు పాతించుకున్న ఐజాక్ డెంట్ ఊరుకోలేదు.

"ఆ ముక్క చెప్పలేదేం, జోనస్?"

జోనస్ నీళ్లు తాగాడు.

"పోనీ, టీ అయినా తాగొచ్చా?"

జోనస్ ఇంకో గ్లాసు నీళ్లు తాగాడు.

3. దీనినే తమరు రహస్యం బయటపెట్టుటగా భావించినారు. వచ్చే సమావేశంలో ఆ వాక్యం యథాప్రకారం చెప్పని యెడల జైలు తప్పదని నోటీసు ఇచ్చినారు. ఈ సంగతి జోనస్ నాకు చెప్పలేదు. ఎట్లా తెలిసిందో అయిదవ అంశంలో మనవి చేస్తాను.

ఉత్తర్వు రాకపోతే ఆ వాక్యం చెప్పడానికి అతనికి అభ్యంతరం ఉండదు. వచ్చి ఉంటే అది అబద్ధం. మాలో అబద్ధం ఆడరు. కోర్టులోనైనా ప్రమాణం చేయము. ప్రమాణం చేస్తే, మిగతా రోజుల్లో అబద్ధాలు ఆడతామని ఒప్పుకున్నట్టు అవుతుంది. కనుక అతను వర్షం గురించి చెప్పాడు. వర్షాలు నిజంగానే బాగా పడ్డాయి.

4. జోనస్ మా అక్కచెల్లెళ్లతోనే ఉంటాడు. ఏ జవాబులో ఏ రహస్యం జారిపోతుందోనని ఇప్పుడు దేనికీ జవాబు చెప్పడం లేదు. పొద్దున ప్రూడెన్స్ జావ పోసి, ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

"ఆ విషయమై నేను అవుననీ అనలేను, కాదనీ అనలేను, చిన్నక్కా."

"ఉప్పు కూడా గవర్నమెంటుదేనట్రా?"

అతను తలవంచుకుని తిన్నాడు. సగం వదిలేశాడు. చొక్కాలు వదులైపోయాయి. మాకు చెప్పకపోతే పోయె, దేవుడికైనా చెప్పుకోరా అన్నాను.

"చెప్పొచ్చన్న వాళ్ల పేర్లలో దేవుడు ఉన్నాడో లేదో చూడాలక్కా," అన్నాడు.

నేను నవ్వలేదు. తమరు కూడా నవ్వవద్దని మనవి.

5. మొన్న ఆదివారం బూడిదరంగు కోటు వేసుకుని ఒకాయన మా ప్రార్థనకు వచ్చారు. జోనస్ ఎవరితో ఏమంటాడో కనిపెట్టడానికి తమరు పంపినవారు. మా ప్రార్థనలో ఫాదరు ఉండడు, పాట ఉండదు. గంటసేపు అందరం మౌనంగా కూర్చుంటాము. ఎవరికైనా లోపల మాట పుడితే లేచి చెబుతారు. దానికి ఎవరూ బదులు చెప్పరు. ఈ పద్ధతి ఆయనకు ముందుగా ఎవరూ చెప్పినట్టు లేదు. గదినిండా జనం నోరు మెదపకపోవడం చూసి, ఊరంతా జోనస్‌తో కూడబలుక్కుందని అనుకున్నారట. మొదట ఏదో రాసుకున్నారు. తరువాత కలం మూశారు. తరువాత కోటు విప్పారు. చివరికి లేచి నిలబడ్డారు.

"ఉత్తర్వు ఇచ్చింది మేమే," అన్నారు. "వినే పెట్టె మీ కింది గదిలో ఉంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ వాక్యం చెప్పకపోతే జైలని నోటీసు రాసింది కూడా నేనే. అప్పటినుంచి నాకు నిద్ర లేదు."

కూర్చున్నారు. పద్ధతి ప్రకారం మేమెవరమూ ఏమీ అనలేదు. గంట కాగానే అందరితో పాటు ఆయనతోనూ చేతులు కలిపాము. టీ దగ్గర మాత్రం ఐజాక్ ఆయన పక్కకు చేరాడు.

"ఆ పెట్టె మీదేనా బాబూ? బాయిలర్ ప్లగ్గు పీకింది ఎవడా అని చూస్తున్నాం. ఈస్టర్ నుంచి చల్లారిన టీయే తాగుతున్నాం."

6. ఇకమీదట డైరెక్టరు ఇటువంటి సంగతులు సభ్యులకు చెప్పనక్కరలేదని నియమం మార్చుకోవలసిందిగా తమ వకీలు ముసాయిదా పంపినారు. శుక్రవారం లోగా ఓటింగు ముగించమన్నారు. మా కూడలిలో ఓట్లు లేవు. సభ్యులందరూ క్వేకర్లు కారు గాని మా అలవాటు వారికీ అంటుకున్నది. అందరి మనసూ ఒకచోటికి వచ్చేదాకా కూర్చుంటాము. కింది గది తలుపుకు ఏ రంగు వేయాలో తేలక ఇంకా కూర్చునే ఉన్నాము. ఐజాక్ ఆకుపచ్చ అంటున్నాడు. తమ వకీలు తొందరపడవద్దు.

కావున నోటీసు రద్దు చేయవలెనని, చెప్పలేని వాక్యం చెప్పమని మా తమ్ముణ్ణి నిర్బంధించరాదని, బాయిలర్ ప్లగ్గు యథాస్థానంలో పెట్టించవలెనని ప్రార్థన.

ఇంకొక మనవి. లేచి నిలబడినవారి పేరు నన్ను అడగవద్దు. జోనస్‌ను విడిపించుకోవడానికి ఇంకొక తల్లి బిడ్డను పట్టించానని నేను ప్రార్థనలో చెప్పుకోలేను. ఆ పేరు నాకు తెలుసుననీ అనను, తెలియదనీ అనను. తమరు పంపినది ఒక్కరినే అన్నది తమ సంగతి.

పై విషయములు శాంతంగా కూర్చుని చిత్తగించవలెను. ప్రమాణం చేయను. ఇది నిజం.

ఇట్లు,
దేవుడి తరువాత తమ విధేయురాలు,
హెస్టర్ రాత్‌మెల్

తా.క. బూడిదరంగు కోటు ఆయన ఈ ఆదివారం కూడా వచ్చారు. కప్పులు తుడుస్తూ ఈ అర్జీ చదివారు. నంబరు లేకపోతే మీ ఆఫీసులో తీసుకోరని చెప్పి, సూచిక తానే వేశారు. తన పేరు కూడా రాయమన్నారు. రాయనన్నాను. కలం తీసుకున్నారు.

లేచింది నేనే. ఎడ్విన్ పిల్బీమ్, తమ విభాగం. జోనస్ గారు నోరు విప్పలేదు. ప్లగ్గు పీకింది కూడా నేనే. ఇవాళ బాయిలర్‌కు తిరిగి పెట్టేశాను. మా పెట్టెకు పెట్టడానికి ఆ గదిలో వేరే ప్లగ్గు లేదు.

మళ్లీ నేను, హెస్టర్‌ను. టీ వేడిగా ఉన్నది. జోనస్ రెండు కప్పులు తాగాడు. ఎట్లా ఉందిరా అని ప్రూడెన్స్ అడిగితే, బాగుందన్నాడు.