ముట్టుకోరాదు

అక్కా,

ఆదివారం అమ్మను నీ దగ్గరికి తీసుకెళ్లడానికి రావద్దు. ఎందుకో చెబుతాను, నవ్వకు!

నిన్న మా కాలనీ గ్యాలరీలో నా ప్రదర్శన మొదలైంది. అమ్మ పాత చీరలతో నేను కుట్టిన తెర గోడంతా పరుచుకుంది. ఒకాయన ప్రసంగిస్తుండగా అమ్మ లేచి, ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు దాటేసి, "ఇదేం కుట్టే, ఊడిపోతోంది!" అంటూ జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, అక్కడే కుట్టడం మొదలుపెట్టింది. జనం అదీ ప్రదర్శనేననుకుని ఒకటే చప్పట్లు! గ్యాలరీ నడిపే ఆవిడ, నెలంతా రోజూ వచ్చి అక్కడే కూర్చుని కుట్టమని అమ్మను బతిమాలింది.

మొన్నటిదాకా ఆ చీరలను మసిగుడ్డలన్న మనిషి, ఇప్పుడు ముస్తాబై గుమ్మంలో నిలబడి నన్ను ఈ ఉత్తరం కూడా రాయనివ్వడం లేదు.

"పదవే, ఈలోగా మన తెరను ఎవరైనా ముట్టుకుంటారు!"

నీ చెల్లి