ఎవరూ అడగని బ్రేకులు

రమణా,

బేతంచెర్ల దారిలో బండల లారీ ఢీకొని నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున ఆ లారీ ఓనరు ఇంటికొచ్చాడు. నీ ఫోటోకు దండ వేసి, కాఫీ తాగుతూ అన్నాడు: "బ్రేకులు ఫెయిలేం కాలేదక్కా."

నేను బ్రేకుల ఊసే ఎత్తలేదు. కాలేజీలో తర్కం చెప్పే నువ్వు ఒకసారి అన్నం తింటూ అన్న మాట గుర్తొచ్చింది: "ఎవరికీ తోచనిదాన్ని ఎవరూ లేదనరక్కా. లేదనాలంటే ముందు అది మనసులోకి వచ్చుండాల. మన పాత తార్కికులు ఎప్పుడో చెప్పినారు."

"బ్రేకులు చూసిందెవరప్పా?" అని మెల్లగా అడిగాను.

"మెకానిక్కును మేమేం ఊరు దాటించలేదక్కా. వాడే యాడికో పోయినాడు."

అతను తెచ్చిన రాజీ కాగితం మీద సంతకం పెట్టలేదు. రేపు పోలీసుస్టేషనుకు పోతున్నాను. ఆ మెకానిక్కు ఎక్కడున్నాడో కనుక్కోమని అడుగుతాను.

అక్క