అమ్మ చీరలకు వచ్చిన బేసిన్

బుల్టీ నాన్నగారూ,

మన బుల్టీకి ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడే ఫోనొచ్చింది. తొమ్మిదింటి బస్సుకి కాట్వాలో దాని దగ్గరికి వెళ్తున్నాను. అన్నం, ఆవ పెట్టిన చేపల కూర వంటింట్లో ఉన్నాయి. పిల్లి ముట్టుకోకుండా మీ కొత్త స్టీలు బేసిన్ బోర్లించాను. కూరలో ఉప్పు చూడలేదు. చూసే ఓపిక లేదు.

పసిదానికి కాంథా బొంత కుడదామని పెట్టె తెరిచాను. మా అమ్మ పోయాక మూడేళ్లుగా దాచుకున్న ఆవిడ చీరలు ఐదూ లేవు. మొన్న మీరు, "పాత గుడ్డలకి ఇంతలావు బేసిన్ ఇచ్చింది గిన్నెలావిడ! బేరమంటే అదీ!" అని మురిసిపోయారు. ఏ గుడ్డలని అడగలేదు, నాదే బుద్ధి తక్కువ. కొత్త బట్ట పసి ఒంటికి గుచ్చుకుంటుందని, కట్టి కట్టి మెత్తబడ్డ చీరలే పొరలు వేసి కుడతామని ఈ ఊళ్లో పుట్టిన మీకు తెలియదా? మిమ్మల్నీ మీ అమ్మ అలాంటి దాంట్లోనే పడుకోబెట్టింది.

తాళంచెవి ఎదురింట్లో ఇచ్చాను.

ఇంకోమాట. స్నానం చేసి లుంగీ కోసం వెతకకండి. మీ ఒంటిమీదున్నది తప్ప మిగతా నాలుగూ పట్టుకెళ్తున్నాను. అవీ ఉతికి ఉతికి బాగానే మెత్తబడ్డాయి. మరీ అవసరమైతే బేసిన్ చుట్టుకోండి. కుట్టడానికని అమ్మ చీరల అంచుల్లోంచి ముందే లాగి పెట్టుకున్న ఎర్రదారం నా సూదుల డబ్బాలో ఉంది కాబట్టి మీ చేతికి దొరకలేదు. మనవరాలు మీ లుంగీల మీదే పడుకుంటుంది. అవి విడిపోకుండా పట్టి ఉంచేది మాత్రం మా అమ్మ.