నేల కింద హారిక గది

అన్నయ్యకి, వదినకి,

మీ సత్యవతి నమస్కరించి రాస్తున్నది. అందరూ ఇక్కడ క్షేమం అని మొదలుపెడతారు. నేను మాత్రం ఇక్కడ పొడిగా ఉన్నాం అని మొదలుపెడుతున్నాను. ఎందుకో ముందు ముందు నీకే తెలుస్తుంది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదిన వాడపల్లి గుడికి ఏడు శనివారాల మొక్కు పూర్తి చేసిందా, మధ్యలో ఏమైనా ఆటంకం వచ్చిందా? ఈసారి కొబ్బరి దింపు బాగుందని హారిక చెప్పింది. సంతోషం.

ఫోను చేతిలో ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోనులో నేను "అన్నయ్యా" అనేలోపే నువ్వు "నువ్వాగవే" అంటావు. కాగితాన్ని ఆ మాట అనలేవు కదా. మధ్యలో మడిచి జేబులో పెట్టుకుంటే వదిన తీసి పైకి చదువుతుంది. ఆవిడతో ముందే మాట్లాడుకున్నాను.

కిందటిసారి నువ్వన్న మాట నాకు ఇంకా చెవిలోనే ఉంది. "నా పిల్లని నేల కింద గోతిలో పడుకోబెడతావా? నీళ్ళొచ్చేయని నువ్వే చెప్పేవు కదా! సీటొస్తే వచ్చింది, నేను పంపను" అన్నావు. ఫోను పెట్టేశావు. హారిక పక్కన నిలబడి అంతా వింటూనే ఉందని నాకు తెలుసు. ఆ పిల్ల ఎవరి సిఫార్సూ లేకుండా, ఎవరినీ అడక్కుండా, ఇక్కడి కాలేజీలో సీటు తెచ్చుకుంది. మేనత్త ఇల్లు కాలేజీకి బస్సు దూరంలో ఉంది. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నది కింది గది ఒక్కటే. నువ్వు దాన్ని గొయ్యి అన్నావు. నాకు రోషం వచ్చింది అన్నయ్యా. రోషం వస్తే నేనేం చేస్తానో నీకంటే బాగా ఎవరికి తెలుసు.

వదినకి అర్థమయ్యేలా చెబుతాను. ఇక్కడ ఇల్లు కట్టేటప్పుడు పునాది తవ్విన లోతంతా వదిలేయకుండా చుట్టూ కాంక్రీటు గోడలు పోసి, ఇంటి కింద ఇంటంత గది ఉంచుతారు. చలిదేశం కాబట్టి పునాది లోతుకి పోవాలట. మన కోనసీమలో అయితే రెండు పారల మట్టి తియ్యగానే నీళ్ళు ఊరతాయి, ఈ ఆలోచనే ఎవరికీ రాదు. మేము ఇల్లు కొన్నప్పటి నుంచీ ఆ గదిలో అట్టపెట్టెలూ, చలికోట్లూ, నేను బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న పూతరేకుల కుండా ఉండేవి. అంతే.

ఇక వరద సంగతి. అది ఎవరి పుణ్యమో ఈ ఉత్తరంలో రాసి తీరతాను. పక్కింటి వాళ్ళ దొడ్డి మాకంటే మెరక. చలికాలం పోయి మంచు కరిగేటప్పుడు ఆ నీరంతా మా వైపుకే జారుతోందని నీకు ఫోనులో చెప్పాను. నువ్వు వెంటనే "దానికేముందే, గట్టు వేయించు. ఏటిగట్టు ఉండబట్టి కాదూ మనం బతుకుతున్నాం" అన్నావు. నేనూ గట్టు పక్కన పుట్టినదాన్నే కదా, మంచి మాట అనిపించింది. నేనూ మీ బావగారూ ఆదివారం పూట మట్టి తెప్పించి, దొడ్డి చుట్టూ మోకాలెత్తు గట్టు వేశాం. మీ బావగారు దాని మీద నడిచి చూసి, "అచ్చం మా రాజోలులా ఉందే" అని మురిసిపోయేరు.

గట్టు పక్కింటి నీటిని బాగానే ఆపింది. ఆ వారమే ముసురు పట్టింది. మా ఇంటి కప్పు మీద పడ్డ వాననీళ్ళు చూరు గొట్టాల్లోంచి మా దొడ్లోకి దిగి, బయటికి పోవడానికి దారి లేక అక్కడే నిలిచాయి. నాట్లకి సిద్ధం చేసిన మడిలా ఉంది. ఆ నీరు నిదానంగా గోడ వెంట ఇంకి, పగులు వెతుక్కుని కింది గదిలోకి వచ్చింది. అట్టపెట్టెలు తేలాయి. గట్టు గుర్తుంది మనిద్దరికీ, లోపలి నీరు పోవడానికి మురుగు బోదె మరిచిపోయాం. మన ఊళ్ళో చేలు మునిగేది గోదారి గట్టు దాటి కాదు, లోపల పడ్డ వాన బయటికి పోలేక అని నాన్న ఎన్నిసార్లు చెప్పేవారు! సముద్రం దాటినా మన బుద్ధి మారలేదు.

నీళ్ళు తోడి పోశాక మీ బావగారు మెట్ల మీద కూలబడి, "సత్యా, ఇల్లు అమ్మేద్దామే. మూడో అంతస్తులో ఫ్లాటు తీసుకుందాం. అక్కడికి ఏ గోదారీ రాదు కదా" అన్నేరు. బస్సులు బాగుచేసే షెడ్డులో రోజంతా నిలబడి వచ్చే మనిషి, పాపం, ఆయన అలసట నాకు తెలుసు. అయినా ఒప్పుకోలేదు. "అమ్మితే హారికని ఎక్కడ ఉంచుతామండీ?" అన్నాను. ఆయన లేచి, తడిసిన అట్టపెట్టెలు బయటికి మోసేరు.

తరవాత ఇళ్ళ పనులు చేయించే మన తెలుగాయన ఒకాయన వచ్చాడు. గోడలు తట్టి చూసి, "పర్మిట్టు ఎందుకండీ అక్కయ్యగారూ? గోడకి రంగు కొట్టేసి, పైన అట్టలు బిగించేసి, కింద కార్పెట్టు పరిచేద్దామండి. లోపలికొచ్చి ఎవరు చూస్తారండి?" అన్నాడు.

"నీళ్ళొచ్చి చూస్తాయండి" అన్నాను.

ఆయన నవ్వి, "ఆయ్, అదీ నిజమేలెండి" అని కాఫీ తాగి వెళ్ళాడు. తడి గోడని అట్టతో మూస్తే లోపల బూజు పడుతుంది. ఆ బూజు పీలుస్తూ ఆడపిల్ల పడుకుంటుంది. నా మేనకోడలి గది దొంగచాటుగా కట్టాల్సిన ఖర్మ నాకు లేదని చెప్పి, మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టాను.

ముందు నీ గట్టు తెంచాను. నా చేత్తోనే, పార పట్టుకుని. ఆ మట్టి తెచ్చి గోడ పక్కన పోసి, ఇంటి నుంచి వాలు బయటికి వచ్చేలా సర్దాం. చూరు గొట్టాలు పొడిగించి నీళ్ళు దూరంగా పడేలా చేశాం. పక్కింటి నీటికి కంచె వెంట చిన్న బోదె తీసి వీధి కాలవలోకి దారి ఇచ్చాం. లోపల మేస్త్రీ వచ్చి గోడ పగుళ్ళు పూడ్చాడు. నేల అంచు వెంట గొట్టం వేసి, ఒక మూల గుంట తవ్వి అందులో మోటారు పెట్టాడు. గుంటలోకి నీరు చేరగానే అదే తిరిగి బయటికి తోడేస్తుంది. కరెంటు పోయినా బ్యాటరీ మీద తిరుగుతుంది. ఇక్కడ కరెంటు పోవడం అరుదే, అయినా నువ్వు అడుగుతావని పెట్టించాను.

ఇన్ని పనుల మధ్య తిండి సంగతి అడగకు. నేను వృద్ధాశ్రమం వంటింట్లో రోజంతా బంగాళాదుంపలు ఉడికించి ఇంటికొచ్చి, చారు పెట్టుకుని అప్పడం కాల్చుకుంటే అదే పెళ్ళి భోజనం. పనసపొట్టు కూర తిని ఎన్నాళ్ళయిందో. వేసవి కాబట్టి ఇప్పుడు వెలుతురు ఉంది, మనుషులు వీధిలో కనిపిస్తున్నారు. చలికాలంలో అయితే వారం రోజులు మీ బావగారితో తప్ప ఎవరితోనూ తెలుగు మాట్లాడను. ఆయన మాట్లాడేది తక్కువ. నాకు దిగులుగా ఉంటుంది అన్నయ్యా, దాచుకోను. ఆ పిల్ల వస్తే ఇంట్లో "అత్తా" అనే పిలుపు వినిపిస్తుంది. నా స్వార్థం కూడా ఉంది ఇందులో, కాదనను.

దరఖాస్తు చూసిన ఇన్‌స్పెక్టరమ్మ స్వయంగా వచ్చింది. నాకంటే చిన్నది, మహా గట్టి మనిషి. గదంతా కలియదిరిగి, పైకప్పు దగ్గరున్న చిన్న కిటికీ చూపించి, "ఇక్కడ మనిషి పడుకోవడానికి వీల్లేదు. నిప్పంటుకుని మెట్లదారి మూసుకుపోతే ఆ అమ్మాయి ఎటు నుంచి బయటికి వస్తుంది?" అని అడిగింది.

"సన్నటి పిల్ల, ఇందులోంచి దూరి వచ్చేస్తుంది" అన్నాను.

"ఆమెని కాపాడటానికి లోపలికి దూరాల్సిన మనిషి సన్నగా ఉండడు" అంది.

ఆవిడ వెళ్ళాక నాకు పట్టుదల ఆగక మీ బావగారిని ఆ కిటికీలోంచి బయటికి వెళ్ళి చూపించమన్నాను. స్టూలెక్కి తలా భుజాలూ దూర్చేరు. పొట్ట దగ్గర ఆగిపోయేరు. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. పక్కింటి కుక్క ఆయన మొహంలోకి మొహం పెట్టి మొరుగుతుంటే, "సత్యా, కాళ్ళు పట్టుకు లాగవే! పరువు పోతోంది!" అని కేకలు. లాగి నేల మీద పడేశాక ఇద్దరం నవ్వలేక చచ్చాం. నవ్వు ఆగాక ఆయనే, "పెద్ద కిటికీ పెట్టిద్దామే. ఆ పిల్ల మన బాధ్యత కదా" అన్నేరు. ఇల్లు అమ్మేద్దామన్న మాట ఆ రోజుతో పోయింది.

కానీ పెద్ద కిటికీ అంటే కాంక్రీటు గోడ కొయ్యాలి. బయట నేల మట్టం కంటే కిందికి కిటికీ దిగుతుంది కాబట్టి దాని ముందు గొయ్యి తవ్వాలి. ఒకసారి మునిగిన ఇంటి గోడకి కన్నం పెట్టి, ఎదురుగా గొయ్యి! నాకు మాత్రం భయం లేదా? అయినా వెనక్కి తగ్గలేదు. గొయ్యి అడుగున కంకర పోయించి, కంకర కింద గొట్టం వేయించి, లోపలి మోటారు గుంటలోకి కలిపించాను. నీటికి దారి ఉంటే కన్నానికి భయపడక్కర్లేదు. కిటికీ బయట ఎక్కి వెళ్ళడానికి ఇనప నిచ్చెన బిగించారు. ఇప్పుడు మీ బావగారు అందులోంచి దర్జాగా వెళ్ళి వస్తున్నారు. రోజూ వెళ్తున్నారు, అవసరం లేకపోయినా.

ఆ తరవాత ఆదివారం మధ్యాహ్నం ఆకాశం చిల్లు పడినట్టు వాన. ఇద్దరం కింది గదిలో చాప వేసుకుని కూర్చున్నాం. కిటికీ గోతిలో నీరు పడింది, కంకరలోకి దిగింది. మోటారు గురగురమంది, ఆగింది, మళ్ళీ గురగురమంది. మీ బావగారు నేలంతా తడిమి, పొడి అరచెయ్యి నాకు చూపించారు. నాకు ఏడుపొచ్చింది.

తడి ఆరిందో లేదో చూడటానికి ఇన్‌స్పెక్టరమ్మ దగ్గర ఒక మిషను ఉంది. నా దగ్గరా ఒకటి ఉంది. దొడ్లో పుల్లలు రాజేసి, కుండ బోర్లించి, మన పిన్ని నేర్పినట్టే పూతరేకులు తీశాను. రేకుకి గాలిలో చెమ్మ తగిలితే చాలు, తడిగుడ్డలా వాలిపోతుంది, నీకు చెప్పాలా. గదికి నాలుగు మూలలా నాలుగు రేకులు పొద్దున పరిచి సాయంత్రం చూశాను. వరద వచ్చిన కొత్తల్లో ఇలాగే పెడితే నేలకి అంటుకుపోయి గోటితో గీకాల్సి వచ్చింది. ఈసారి నాలుగూ గలగలలాడాయి. చివరి తనిఖీకి వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ మిషను కూడా అదే మాట చెప్పింది. ఆవిడకి బెల్లం వేసి ఒక పూతరేకు చుట్టి ఇచ్చాను. డ్యూటీలో ఏమీ తీసుకోకూడదట, వాసన చూసి నవ్వి వెళ్ళిపోయింది. గదికి మంజూరు కాగితం వచ్చింది.

ఇప్పుడు నీ మాట దగ్గరికి వస్తాను. గొయ్యి అన్నావు. వరద రోజుల్లో ఏటిగట్టు మీద నిలబడి ఒకవైపు గోదారిని, ఇంకోవైపు మన పెంకుటింటిని ఎప్పుడైనా కలిపి చూశావా? గోదారి పైన ఉంటుంది, మన ఇల్లు కింద ఉంటుంది. నువ్వూ నేనూ ఆ గోతిలోనే పుట్టాం. హారికని ఇన్నేళ్ళూ ఆ గోతిలోనే పడుకోబెట్టావు, నిశ్చింతగా నిద్రపోయావు. అక్కడ గట్టు మీద నమ్మకం ఉంది నీకు. ఇక్కడ నా మీద ఉండకూడదా?

నీ భయం నీళ్ళ గురించి కాదని నాకు తెలుసు. కూతురు కంటికి కనపడనంత దూరం పోతుందని. ఆ భయానికి నేను మోటారు పెట్టించలేను. కానీ ఆ భయం పేరు ఎత్తకుండా నా గదికి వంక పెడితే మాత్రం ఊరుకోను. గది సిద్ధంగా ఉంది. మునిసిపాలిటీ ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సింది ఇక నువ్వొక్కడివే.

హారిక వచ్చేటప్పుడు వదిన చేతి కందిపొడి, గుమ్మడి వడియాలు, రేకులకి వాడే బియ్యం పంపించండి. పనసపొట్టు ఎండబెట్టి పంపడం కుదురుతుందేమో వదిన్ని అడుగు. పిల్లకి మందపాటి కోటు నేనే తీసి ఉంచాను, అక్కడ కొనకండి. మురమళ్ళ పెద్దత్తయ్యగారికి మా ఇద్దరి నమస్కారాలు చెప్పండి. మీ బావగారు మిమ్మల్ని అడిగినట్టు రాయమన్నారు. మీ ఇద్దరి దీవెనలూ మాకూ ఈ ఇంటికీ కావాలి.

ఈ ఉత్తరంలో పేపరు మడతల మధ్య ఒక పూతరేకు పెడుతున్నాను. హారిక మంచం వేసిన చోట, కిటికీ కింద, రోజంతా నేల మీద ఉన్న రేకు అది. మన కోనసీమ చెమ్మగాలి తగలకముందే చూడు. ముక్కలై వస్తే అది పోస్టువాళ్ళ తప్పు. మెత్తబడి వస్తే నా తప్పు, అప్పుడు పిల్లని పంపకు.

ఎప్పటికీ నీ మాట వినని చెల్లెలు,
సత్యవతి