కిరాయి కేక

కైరో, సయ్యిదా జైనబ్ పేట
ఆదివారం

మా అక్క వదీదాకు,

చెల్లెలు ఇన్సాఫ్ నీ చేతులు ముద్దు పెట్టుకుని రాస్తున్నది. ఒంట్లో బాగానే ఉంది. మనసులోనే డోకు వచ్చేట్టుంది. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

హిల్మీని నేనెందుకు చేసుకున్నానో నీకు తెలుసు. అందం చూసి కాదు, ఆస్తి చూసి అసలే కాదు. మన టాంటా ఉరుసులో ఆ సాయంత్రం పాటగాడు ఒక రాగం అంచుదాకా వెళ్ళి, పడిపోతాడేమో అనిపించి, మెల్లగా ఇంకో రాగంలోకి దిగాడు చూడు, అప్పుడు జనంలోంచి ఒక గొంతు మైమరచి "అల్లాహ్!" అంది. నా లోపల ఏమనిపించిందో ఆ గొంతు అదే అనేసింది. తిరిగి చూస్తే ఎర్ర టోపీ పెట్టుకున్న బక్కపలచటి మనిషి. "వాడికి చెవులున్నాయే పిల్లా" అన్నావు నువ్వు. ఆ చెవుల్నే కట్టుకున్నాను.

తర్వాత జనం ఎర్ర టోపీలు పెట్టుకోవడం మానేశారు. టోపీలకు ఇస్త్రీ పట్టే మా కొట్టు మూతపడింది, ఇత్తడి అచ్చులు మంచం కిందికి చేరాయి. అప్పుడు దిగాడు రిఫాత్. సినిమాల్లో ఆడి పాడే నబీహ్ సఫ్వత్ ఉన్నాడు కదా, వాడి మేనేజరు. నబీహ్ సినిమాలు నీకు తెలియనివా? హీరోయిన్ దగ్గితే చాలు, వయొలిన్లన్నీ కట్టగట్టుకుని ఏడుపు లంకించుకుంటాయి. తలుపు తీస్తే డమడమ, మూస్తే డమడమ. ఏడవాలో వద్దో మన ఇష్టానికి వదలరు, మెడలు వంచి ఏడిపిస్తారు. ఆ పాటలే నెలకో గురువారం సభలో పాడతాడు, రేడియోలో దేశమంతా వింటుంది. ఆ సభలో ముందు వరసలో మా ఆయన. మంచి చెవి ఉన్నవాడని గౌరవించి, డబ్బిచ్చి మరీ పిలుస్తున్నారనుకున్నాను.

నిన్న నిజం బయటపడింది. రిఫాత్ మా ముందుగదిలో టేపురికార్డరు పెట్టుకుని పాఠం చెబుతున్నాడు. నేను కాఫీ పట్టుకెళ్ళాను.

"ఇదుగో, వయొలిన్లు పైకెక్కుతున్నాయి. ఆగు, ఇంకా ఆగు. తెర పక్కనుంచి నేను తెల్ల రుమాలు ఊపుతా. అప్పుడు లేచి 'అల్లాహ్' అని కేకెయ్. కాలరు పట్టుకు లాగు, గుండీ తెగాలి."

"మళ్ళీ గుండీయా?" అన్నాడు మా ఆయన.

"పోయినసారి తెగేసరికి జనం వెర్రెత్తిపోలా? ఇదుగో చెల్లెమ్మా, ఆ గుండీ కాస్త వదులుగా కుట్టిపెడుదూ!"

నెలనెలా ఆ గుండీ కుట్టింది నేనేనక్కా. పాట తట్టుకోలేక చించుకున్నాడనుకుని, మురిసిపోతూ కుట్టాను. నా చేతుల్ని చూసుకుంటేనే రోత పుడుతోంది.

ఇంకోటి ఉంది. అది చెప్పాలంటే సిగ్గు. నేను కూరకు ములోఖియా ఆకు దూస్తూ అమ్మ పాటలు పాడుకుంటాను కదా. కొట్టు నడిచిన రోజుల్లో పక్క గదిలోంచి "అల్లాహ్, ఇన్సాఫ్!" అనేవాడు. అది వినడానికే ఒక్కోసారి ఆకు అయిపోయినా పాడేదాన్ని. ఆ కొలువులో చేరాక ఒక్కసారి కూడా అనలేదు. తల వంచుకుని కునికిపాట్లు పడతాడు. ఆ పౌడరు మొహంవాడికి గుండీలు తెంపుకుంటాడు, నాకు ఒక మాట బరువైపోయింది. ఇంక ఈ మనిషితో నా వల్ల కాదు. పెరటివైపు గది ఖాళీగా ఉందన్నావు కదా, వచ్చేస్తాను.

నీ చెల్లెలు
ఇన్సాఫ్


మంగళవారం

అక్కా,

వస్తున్నానని చెప్పేశాను. "ఏమయ్యా, ఊరి ముందు అరిచే నోరు ఇంట్లో మూగదైందేం?" అని అడిగాను. చాలాసేపు గ్లాసులో టీ కలుపుతూ కూర్చున్నాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

"ఆ మాట అమ్ముకున్నానే. బజార్లో అమ్మిన సరుకు తెచ్చి నీ ముందెలా పెట్టను?" అన్నాడు.

"ఆహా, డైలాగు బావుంది. వెనకాల వయొలిన్లే తక్కువ" అన్నాను.

ఈ గురువారం ఒక్కసారి వచ్చి చూడు, తర్వాత నీ ఇష్టం అన్నాడు. సరే, వెళ్ళి కళ్ళారా చూసి, ఉమ్మేసి, శుక్రవారం రైలెక్కుతాను. గది ఊడ్పించు.

ఇన్సాఫ్


సోమవారం

బంగారు అక్కా,

శుక్రవారం రైల్లో నా కోసం వెతుక్కుని తిరిగి వెళ్ళావట. కోపంతో నువ్వు రాసిన ఉత్తరం ఇప్పుడే అందింది. తిట్టు, పడతాను. ముందు ఇది చదువు.

సభ నేననుకున్నదానికంటే ఘోరం. మగవాళ్ళ తలనూనె వాసన, నబీహ్ కళ్ళకు కాటుక. వాడు నోరు తెరవకముందే వయొలిన్లు మూలగడం మొదలుపెట్టాయి. రుమాలు ఊగింది. మా ఆయన లేచాడు, "అల్లాహ్!" అన్నాడు, వెనక జనమంతా గొర్రెల్లా అందుకున్నారు. చెప్పులు వేసుకుని లేవబోయాను.

అప్పుడు నబీహ్ నీళ్ళు తాగడానికి ఆగాడు. ఆ కాస్త వ్యవధి నింపమని బయూమీ తాతకు సైగ చేశాడు. ఒళ్ళో కానూను పెట్టుకుని తీగలు మీటే ముసలాయన, వాడి సినిమాల్లో వయొలిన్ల కింద పడి ఎన్నడూ వినపడని మనిషి. డప్పు లేదు, వయొలిన్లు లేవు. తాత ఆ ఏడుపుగొట్టు పాటనే తీసుకుని, దాని మీది పౌడరంతా తుడిచేసి, ఒక్కో స్వరం మెట్టు దిగుతూ వచ్చాడు. ఇంక ఇంటికి చేరాడు అనుకున్నచోట చేరలేదు. ఒక స్వరం మీద ఆగాడు. అమ్మ పోయిన రోజు మనిద్దరం గుమ్మంలో అలాగే ఆగిపోయాం, లోపలికి అడుగు పడక. అప్పుడు దిగాడు.

నేను ఉమ్మడానికి వెళ్ళినదాన్ని, నోరు జారింది. "అల్లాహ్!" అని కేక బయటికొచ్చేసింది. సభంతా తిరిగి చూసింది, వెనక ఎవడో నవ్వాడు. సిగ్గుతో పక్కనున్న మా ఆయన వైపు చూశాను. తల వంచుకుని ఉన్నాడు. కునికిపాట్లు కాదక్కా. మోకాలి మీద చెయ్యి బిగిసిపోయింది, కన్నీళ్ళు ప్యాంటు మీద పడుతున్నాయి, గొంతులోంచి చప్పుడు లేదు. నేను పాడుతుంటే ఇంట్లో వంచే తల అదే. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా ఆకు పక్కన పెట్టి, లేచి వెళ్ళి ఆ మొహం చూశానా?

నబీహ్ మళ్ళీ ఎత్తుకున్నాడు. వయొలిన్లు ఎగిరిపడ్డాయి. తెర పక్కన రుమాలు ఊగింది, ఇంకా ఊగింది, తువ్వాలు ఆరేసినట్టు ఊగింది. మా ఆయన తల ఎత్తలేదు. అంత పెద్ద పాటకు సభలో ఒక్క దగ్గు వినిపించింది, అంతే.

బయట రిఫాత్ ఆయన్ని పట్టుకున్నాడు. "దేశమంతా వింటుంటే పరువు తీశావు కదయ్యా! ఇంక నీ మొహం నాకు చూపించకు" అన్నాడు. మా ఆయన "మంచిది" అని నా చెయ్యి పట్టుకున్నాడు. దారిలో చూశాను, చొక్కా గుండీలన్నీ ఉన్నాయి.

రేపటి నుంచి ఏం తింటామో తెలియదు. నబీహ్ అంటే ఇప్పటికీ రోతే, చచ్చేదాకా రోతే. నిన్న ఆకు దూస్తూ పాడాను, గుమ్మానికి ఎదురుగా కూర్చుని, ఆయన మొహం కనపడేలా. ఆయన ఏమీ అనలేదు. అనక్కర్లేదు. పెరటి గదిలో నీ ఉల్లిపాయలు పోసుకో.

ఇక నీ ఉత్తరం చివర రాశావు కదా, "గురువారం రేడియోలో విన్నాను, ఎవర్తో సిగ్గులేనిది ఉత్త వాయిద్యానికి మధ్యలో అరిచింది, దాన్ని కన్నవాళ్ళు ఎవరో" అని. కన్నవాళ్ళు నీకు బాగా తెలిసినవాళ్ళే.

ఇట్లు,
ఆ సిగ్గులేనిది,
ఇన్సాఫ్