లింకు అడగడానికి వెళ్ళి పసుపు ఇచ్చి వచ్చాం

ముంచింగిపుట్టు,
ఆదివారం

అక్కకి, తమ్ముడు శీను నమస్కరించి రాసేది.

నేనిక్కడ కులాసా. నువ్వు, బావగారు, పిల్లలు కూడా కులాసాగానే ఉన్నారనుకుంటాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నగుంట ఇంకా స్కూలుకి వెళ్ళనని ఏడుస్తోందా? ఫోను చేస్తే నీ ప్రశ్నలకే సరిపోతుంది, నా మాట ఒక్కటీ పూర్తి కాదు. అందుకే ఈ ఉత్తరం.

వేళకి తింటున్నాను, బెంగపడకు. పొద్దున్న చోడి అంబలి (విశాఖ హోటళ్ళలో రాగిజావ అంటారే, అదే), మిగతా రెండు పూటలా అన్నమే. చలి మాత్రం చలే. ఎండెక్కినా మంచు విడవదు, నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. నువ్విచ్చిన స్వెట్టరు ఒంటిమీద నుంచి తీయడం లేదు. సాయంత్రాలు సిగ్నలు పోయినప్పుడు కొంచెం దిగులుగా ఉంటుంది, అంతే. సాలూరు నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడి, రెండు జతల మేజోళ్ళు పంపించు.

నా పనేమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇక్కడ కాఫీ, పసుపు పండించే రైతుల సంఘానికి తెలుగులో, ఒడియాలో వెబ్‌సైటు ఉంది. చక్కటి సైటు, చూసేవాళ్ళే లేరు. వేరే సైట్లవాళ్ళు తమ పేజీలో మా లింకు పెట్టి ‘ఇది చూడండి’ అంటేగాని సెర్చిలో మేం పైకి రాము. ఆ లింకులు సంపాదించడమే నా ఉద్యోగం. ఇంగ్లీషులో అయితే సైట్లు కొల్లలు. మన భాషల్లో పంటల గురించి రాసేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఒకరు కాదంటే ఇంకొకరు దొరకరు.

విశాఖలో నేర్చుకున్న పద్ధతిలోనే మా లింకు పెట్టమని వాళ్ళందరికీ ఒకే మెయిలు పంపాను. ఒక్కరూ పలకలేదు. మధ్యలో ఒక ఏజెంటు ఫోను చేసి లింకులు గంపగుత్తగా అమ్ముతానన్నాడు. ఎక్కడివా అని చూస్తే అన్నీ పేకాట సైట్లు, బట్టతల మందుల సైట్లు! మా పసుపుకి వాటి సిఫార్సా? వద్దన్నాను. ఈలోగా సంఘం పెద్దలు విసుగెత్తిపోయారు. ఉగాది తర్వాత మీటింగులో చూస్తామనీ, చూసేవాళ్ళు పెరగకపోతే తెలుగు, ఒడియా పేజీలు తీసేసి ఇంగ్లీషు ఒక్కటే ఉంచుతామనీ అన్నారు. అదే జరిగితే ఈశ్వరి ఉద్యోగం పోతుంది. నాది ఉంటుంది. అదే నాకు మరీ బాధ.

ఈశ్వరి అంటే ఆ పేజీలు రాసే పిల్ల. పక్క గూడెం వాళ్ళే, పాడేరులో డిగ్రీ చదివింది. పసుపు ఉడకేసే ముసలమ్మ గురించి తను రాస్తే ఆ ఆవిరి మన ముఖానికి కొడుతుంది. నోరూ అంతే ఘాటు. నా మెయిలు చదివి పకపకా నవ్వింది.

“ఏటన్నా ఇది? కరెంటాఫీసోలు నోటీసిచ్చినట్టుంది. ముఖమెరగనోలకి ఇలా రాత్తే ఎవులు పలుకుతారు?”

సరిహద్దు అవతల ఒడిశాలో ఒక మాస్టారున్నారు. కొండ పంటల మీద ఒడియాలో సైటు నడుపుతారు, అటువైపు వాళ్ళందరూ అదే చదువుతారు. ఈశ్వరి ముందుగా ఆయన లింకు మా సైటులో పెట్టి, ఆయన రాసినవాటిలో తనకి ఏది నచ్చిందో రెండు ముక్కలు రాసింది. తర్వాత సంత జీపెక్కి ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. మాస్టారి భార్య భోజనం పెట్టింది. ఈశ్వరి ఒడియాలో వానలు, పిల్లలు, పురుగుమందులు అన్నీ మాట్లాడుతోందిగాని లింకు ఊసే ఎత్తదు. నాకేమో ముళ్ళమీద కూర్చున్నట్టుంది. ఫోను తీసి మా సైటు చూపించబోయాను. ఈశ్వరి బల్ల కింద నా కాలు తొక్కింది! చివరికి ఆవిడ చేతిలో పసుపు పొట్లం పెట్టి లేచి వచ్చేసింది.

తిరుగు జీపులో గొడవపడ్డాను, ఇంత దూరం వచ్చి అడక్కుండా పోతామా అని.

“తొలిసారి ఒకలింటికెల్లి, ఆల కూడు తిని, ఎంటనే సెయ్యి సాపుతారేటన్నా? మా కాడ అలా సేత్తే మరి గుమ్మమెక్కనివ్వరు. లింకంటే నేస్తం కట్టడమే. బేగి బేగి అంటే అవదు.”

నాకు నమ్మకం కలగలేదు. కానీ కొన్నాళ్ళకి మాస్టారే ఫోను చేశారు. ఆ పసుపు ఎవరి చేలోదో కనుక్కోమని భార్య పోరుతోందట. ఈశ్వరి ఆ రైతు గురించి తను రాసిన పేజీ పంపింది. సాయంత్రానికి ఆయన సైటులో మా లింకు ఉంది. అది చూసి అటువైపు మరికొందరు పెట్టారు. ఇప్పుడు ఒడియాలో కొండ పసుపు అని వెతికితే ముందు మేమే కనిపిస్తాం. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇంత అందంగా చేసిన మనిషిని చూడలేదక్కా.

ఇక తెలుగు పేజీలే గట్టెక్కాలి. తెలుగులో వంటలు వెతికేవాళ్ళు ముందు చూసేది నీ వంటల సైటే. సొంత అక్కని అడిగితే ఏం బాగుంటుందని ఇన్నాళ్ళూ నీ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మొన్న తెలిసి ఈశ్వరి నన్ను తిట్టిపోసింది. ఆ రోజే నీ లింకు మా సైటులో పెట్టింది. నీ సైటులో చూసి చోడి అట్లు పోసి సంఘంలో అందరికీ పెట్టింది కూడా. ఒక ముసలమ్మ రెండోది అడిగి తీసుకుని, “ఈ గుంటెవులో గానీ, సోళ్ళు తెలిసిన మనిసే” అంది. ఈ వయసులో నిన్ను గుంట అన్నారు, సంతోషించు.

ఈ కింద ఒక వాక్యం కొట్టేసి ఉంటుంది. నేను రాశాను, ఈశ్వరి చదివి పెన్ను లాక్కుని కొట్టేసింది. “అక్క కాడ కూడా ఇదే బుద్దేటన్నా?” అంది. కాబట్టి నేను నిన్ను ఏమీ అడగడం లేదు. దాన్ని వెలుతురుకి పట్టి చదవకు. సెలవులకి పిల్లల్ని తీసుకుని ఇటు రా, ఈశ్వరి వాళ్ళింట్లో భోజనం చేద్దాం. మీటింగు ఉగాది తర్వాత. అదీ ఊరికే చెబుతున్నాను.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. మీ అత్తగారి కాళ్ళకి నా తరఫున దణ్ణం పెట్టు. ప్రతి ఉత్తరంలోనూ నన్ను దీవించమని రాస్తాను కదా, ఈసారికి ఆ దీవెన ఈశ్వరికి ఇవ్వు.

నీ తమ్ముడు,
శీను