మలుపులో బరువు

పంపాపతన్నా,

ఫోన్లో అయితే అరుచుకుంటాం. అందుకే ఈ చీటీ రాసి నీ సీటు మీద పెడుతున్నాను.

లారీల రేసు ట్రాకు మలుపులో మన లారీ వెనక భాగం పక్కకు జారుతోందన్నావు. ఖాళీ లారీకి సరిపోయేలా వెనక చక్రాల కమాను స్ప్రింగు పట్టీలు విప్పి, మార్చి, మళ్ళీ బిగించి నా చేతులు పడిపోయాయి. అయినా జారుతూనే ఉంది. ఇవాళ లారీ కడుగుతుంటే తొట్టిలో టార్పాలిన్ కింద ఇనుపరాయి మూటలు కనిపించాయి.

యశ్వంతనగర్‌లో ఇనుపరాయి లారీ తోలడం మానేసిన రోజే అన్నావు, "ఎనక బరువు లేకుంటే నాకు భయమైతాది పాపా" అని. నేను నవ్వేశాను.

మూటలు తీయలేదు. ఎంత బరువుంటే నీకు ధైర్యమో చెప్పు. పట్టీలు దానికే బిగిస్తాను.

నీ చెల్లెలు